కదలని అంకె

మా అక్క పనిచేసే షెడ్డులో పత్తిగింజల కుప్ప లోలోపల కాలుతూ ఉన్న మూడు రోజులూ, నేను రాసిన ప్రోగ్రాం దాని వేడి ముప్పై ఒక్క డిగ్రీలనే చూపించింది. ఆ మూడు రోజులూ నేను ఎమ్మిగనూరులో అన్నం తిన్నాను, నిద్రపోయాను, లైబ్రరీలో కూర్చుని ఒక పుస్తకం పూర్తి చేశాను. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. మిగతాదంతా అక్కడి దాకా ఎలా వెళ్లామన్నదే.

ఆ జిన్నింగు మిల్లు ఆదోని చివర, పొలాలు మొదలయ్యే చోట ఉంది. పత్తి నుంచి దూదినీ గింజనూ వేరు చేస్తారు. దూది బేళ్లుగా కట్టి ఒక పక్కకు పోతుంది. గింజలు గొట్టంలోంచి ఎగిరివచ్చి వెనక షెడ్డులో కుప్పగా పడతాయి. సీజన్లో ఆ కుప్ప రేకుల కప్పును అందుకునేంత ఎత్తు పెరుగుతుంది. దాని పాదం దగ్గర తొమ్మిదిమంది ఆడవాళ్లు కూర్చుని గింజలు సంచులకు ఎత్తి, మూతులు కుడతారు. అందులో మా అక్క ఒకతి. పెద్దకడుబూరు పక్క మా ఊరి నుంచి పొద్దున్నే ఆటోలో పోతుంది. షెడ్డుకు ముందు ఒక షట్టరు, వెనక ఒక చిన్న ఇనుప తలుపు. అంతే దారులు.

పత్తిగింజలో నూనె ఉంటుంది. తడి తగిలిన గింజ కుప్పలో పడి కదలకుండా ఉంటే, దాని కడుపులో వేడి పుడుతుంది. పైన చేయి పెడితే చల్లగానే ఉంటుంది. పొగ కనపడే వేళకు లోపల అంతా తయారై ఉంటుంది. అందుకే మిల్లుల్లో ఒక పద్ధతి ఉండేది. పొడుగాటి ఇనుప సలాకును కుప్పలో నిలువునా దించి, ఆకూవక్కా నమిలేంత సేపు అలాగే వదిలేసి, పైకి లాగి మణికట్టు లోపలి వైపు తాకించి చూడాలి. చురుక్కుమంటే కుప్పను తిరగెయ్యాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మా మిల్లులో ఆ పని అక్కది. ఏళ్ల తరబడి చేసి చేసి ఆమె మణికట్టు మీద చర్మం ఒక చోట నల్లగా, నున్నగా తయారైంది.

మిల్లు యజమాని సావుకారు ఇంకెక్కడో మిల్లులో వేడి కొలిచే గొట్టాలు చూసి వచ్చాడు. కుప్పలో గుచ్చిన గొట్టాల నుంచి వైర్లు ఆఫీసులోకి వస్తాయి, కంప్యూటరులో అంకెలు పడతాయి. తనకూ అలాంటిది కావాలన్నాడు. అక్క అక్కడే ఉండి, "మా సెల్లెలు రాస్తాది సావుకారూ, అది లైబ్రరీలో పుస్తకాలన్నీ సదివేసింది" అన్నదట.

అన్నీ చదవలేదు గానీ, చాలా చదివాను. ఇంటర్ తర్వాత నన్ను చదివించే వాళ్లు లేరు. ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర ఒక జిరాక్సు షాపులో టైపింగు పనికి చేరి, సాయంత్రాలు లైబ్రరీకి పోయేదాన్ని. అక్కడ అద్దాల బీరువాలో ఎవరో రిటైరైన ఇంజనీరు ఇచ్చి వెళ్లిన కంప్యూటరు పుస్తకాలు ఒక వరస ఉండేవి. అన్నీ ఇంగ్లీషువే. పక్కన నిఘంటువు పెట్టుకుని, ఒక్కో పేజీకి ఒక్కో సాయంత్రం పట్టినా సరే వదలకుండా చదివాను. షాపులో ఖాళీ ఉన్నప్పుడు పైథాన్ అనే కంప్యూటరు భాషలో రాసి చూసుకునేదాన్ని. బిల్లులు రాశాను, హాజరు పట్టీలు రాశాను. నాకు ఏ కాలేజీ సర్టిఫికెట్టూ లేదు. అందుకు నేను ఎప్పుడూ చిన్నబోలేదు. ఇంకా చెప్పాలంటే గర్వపడేదాన్ని.

దసరా దాటాక కుప్పలో ఎనిమిది గొట్టాలు దించారు. ప్రోగ్రాం పని చాలా మామూలుది. ఒక్కో గొట్టం వేడి చదవాలి, దాన్ని దాచుకోవాలి, హద్దు దాటిందేమో చూడాలి, దాటితే ఆఫీసులో బజరు మోగించాలి, తెర మీద అంకె మార్చాలి. దాచుకోవడం ఎందుకంటే సావుకారు గీతల పటం అడిగాడు. వేడి ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు తగ్గింది అని కొండలూ లోయల్లా కనపడాలన్నాడు. నేను సెకనుకోసారి వచ్చే ప్రతి అంకెనూ దాచాను. ఏదీ పారెయ్యలేదు.

మూడో రోజు మధ్యాహ్నం సావుకారి ఇంటికి వియ్యాలవారు వచ్చారు. వాళ్లకు చూపించాలని ఆఫీసుకు తీసుకొచ్చాడు. తెర మీద అంకెలు లేవు. తెల్లటి పెట్టె ఒకటి, అందులో ఇంగ్లీషులో ఒక ముక్క.

"ఏమమ్మా, ఏమంటాంది ఇది?" అన్నాడు సావుకారు.

"మెమరీ అయిపోయిందంటాంది."

"మూడు దినాలకేనా? మా అమ్మకు ఎనభై దాటినాయి. ఆమే మేలు, పెండ్లినాటి మెనూ సెప్తాది."

వియ్యాలవారు నవ్వారు. మూలన కూర్చున్న గుమాస్తా తల ఎత్తకుండానే, "లైబ్రరీ సరుకు కదా సావుకారూ. గడువు తీరితే వాపసు ఇయ్యల్ల" అన్నాడు. ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. గుమ్మం దగ్గర నీళ్ల కోసం వచ్చి నిలబడిన అక్క నవ్వలేదు. ఆమె ముఖం చూడలేక నేను కీబోర్డు వైపే చూస్తూ ఉండిపోయాను.

ఆ సాయంత్రం అక్కకు ఆటో కోసం నిలబడిన చోటే చెప్పాను, మెమరీ అంటే ఏమిటో. "మీ షెడ్డు లాంటిదక్కా. నేను గింజలు పోస్తాండా గానీ సంచులకు ఎత్తడం లేదు. నిండిపోయింది."

"మరి ఎత్తు" అంది అక్క.

ఎంత తేలికగా చెప్పిందో. ఎత్తడం అంటే పాత అంకెలు ఎక్కడో డిస్కు మీద రాసి, మెమరీలోంచి తీసెయ్యడం, పటం గీసే పద్ధతి మొత్తం మార్చడం. వారం పని. నాకు అంత ఓపిక లేదు. ఆ నవ్వు వెంటనే ఆగాలి.

లైబ్రరీలో నేను చదువుతున్న పుస్తకంలో దీని మీదే ఒక అధ్యాయం ఉంది. ఎర్రర్ వస్తే ప్రోగ్రాం చచ్చిపోనవసరం లేదు, దాన్ని మధ్యలోనే పట్టుకోవచ్చు. 'ఈ పని చేసి చూడు, కుదరకపోతే ఇది చెయ్యి' అని రాయవచ్చు. కానీ మెమరీ అయిపోవడం మిగతా ఎర్రర్ల లాంటిది కాదని కూడా అందులో ఉంది. అది వచ్చిన క్షణాన ఏ పని సగంలో ఆగిందో ప్రోగ్రాముకే తెలియదు. కాబట్టి అప్పుడు పెద్దపెద్ద పనులు పెట్టుకోకుండా, జరిగింది చెప్పి, శుభ్రంగా ఆగిపోవడమే మేలని సారాంశం. ఆ మాటలు నోటుబుక్కులో రాసుకున్నాను కూడా. ఇప్పటికీ ఉన్నాయి, ఆకుపచ్చ సిరాతో.

ఆగిపోవడం అన్న మాటే నాకు గిట్టలేదు. ఆగిపోతే మళ్లీ తెల్లపెట్టె, మళ్లీ వియ్యాలవారు. అందుకని రెండు పనులు చేశాను. సెకనుకోసారి కాకుండా పదిహేను సెకన్లకోసారి చదివేలా మార్చాను. ఇక మెమరీ అయిపోయిందన్న ఎర్రర్‌ను పట్టుకుని, 'ఇది చెయ్యి' అనాల్సిన చోట పైథాన్‌లో ఉన్న ఒక చిన్న మాట రాశాను. దాని అర్థం: ఏమీ చెయ్యకు, ముందుకు పో.

దాచుకోవడం, హద్దు చూడటం, తెర మీద అంకె మార్చడం; నేను రాసిన వరస ఇది. మూడూ ఒకే 'చేసి చూడు' కింద ఉన్నాయి కాబట్టి మొదటిది కుదరకపోతే కింది రెండూ జరగవు. తెర మీద పాత అంకెలు అలాగే ఉంటాయి. తెర మూలన కనపడే గడియారం వేరే కాబట్టి అది తిరుగుతూనే ఉంటుంది. ఈ మూడు పంక్తులను నేను కనీసం యాభైసార్లు చదివి ఉంటాను. ప్రతిసారీ బాగున్నట్టే కనపడ్డాయి.

వారం నడిచింది. పక్షం నడిచింది. తెల్లపెట్టె రాలేదు. దీపావళి దాటింది, కార్తీకం దాటింది. సావుకారు నన్ను పిలిపించి, మిఠాయి పొట్లం చేతిలో పెట్టి, "సదువంటే కాలేజీలోనే ఉండాదా" అన్నాడు. ఆ మాట నేను లైబ్రరీలో తెలిసిన ప్రతి ఒక్కరికీ చెప్పుకున్నాను.

"ఇంక సలాకుతో పనేముండాది" అన్నాడు గుమాస్తా. షెడ్డు వెనక తలుపుకు గడియ విరిగిపోయి ఉంది. సలాకును అడ్డంగా దూర్చి ఆ తలుపు బిగించేశారు. అక్క కొన్నాళ్లు పొద్దున రాగానే అలవాటుగా కుప్ప ఎక్కి, ఊరికే నిలబడి, దిగి వచ్చేదట. తర్వాత అదీ మానేసింది.

ప్రోగ్రాం ఎందుకు చావకుండా నడిచిందో నాకు అప్పుడు తెలియదు. నేను రాసిన మాట వల్లే అనుకున్నాను. అసలు కారణం అమావాస్య.

ఆదోనిలో వ్యాపారాలు చేసే ఇళ్లలో అమావాస్య పూజ తప్పదు. ఆ పొద్దున మిల్లులో యంత్రాలన్నీ ఆపి, తుడిచి, పసుపూ కుంకుమా పెట్టి, గేటు ముందర గుమ్మడికాయ కొట్టి, మళ్లీ నడిపిస్తారు. కంప్యూటరు కూడా యంత్రమే. గుమాస్తా దాన్ని ఆపి, మానిటరు నెత్తిన బొట్టు పెట్టి, కర్పూరం వెలిగించి, తర్వాత ఆన్ చేసేవాడు. కరెంటు పోయినా ఇన్వర్టరు ఉంది కాబట్టి నెలలో అది ఆగేది ఆ ఒక్కరోజే. ఆగిన ప్రతిసారీ మెమరీ ఖాళీ అయ్యేది. నెలంతా నేను పోసిన గింజల్ని అమావాస్య వచ్చి ఎత్తేది. పదిహేను సెకన్లకోసారి చదివితే ఆ మెమరీ నిండడానికి నెల పైన నాలుగైదు రోజులు పడుతుంది. నా ప్రోగ్రాముకూ దాని చావుకూ మధ్య ఉన్నది ఆ నాలుగైదు రోజులే.

పుష్యంలో సావుకారి తల్లి పోయింది.

పెద్ద వయసు, నిద్రలోనే పోయింది. ఊరంతా వెళ్లి చూసింది. సీజను కాబట్టి మిల్లు నిలపలేదు, గుమాస్తానే నడిపించాడు. ఆ తర్వాతి వారం అమావాస్య వచ్చి, వెళ్లిపోయింది. మైల ఉన్న ఇంటివాళ్లు పూజ చెయ్యరు. ఎవరూ కంప్యూటరును ఆపలేదు. ఆ వారమే కాలం కాని వాన పట్టి, పొలాల్లో ఆఖరి ఏరుడు పత్తి తడిసింది. తడిసిన పత్తినే బండ్లకెత్తి మిల్లుకు తెచ్చారు. గింజల గొట్టం రోజంతా ఎగజిమ్ముతూనే ఉంది.

బుధవారం అన్నం వేళకు అక్క ఫోన్ చేసింది.

"ఏం జేస్తాండావు?"

"షాపులో ఉండా. ఏమక్కా?"

"ఊరికే జేసినాలే. నీ డబ్బా శానా బుద్ధిమంతురాలు అయిపోయింది. మొన్న ఎంతో నిన్నా అంతే, నేడూ అంతే. గుమాస్తా రిజిస్టర్లో పైన ఒకసారి రాసి, కింద డిటో డిటో అని గీసుకుంటాండాడు. నిన్ను పొగుడుతాండాడు కూడా, సూడు ఎట్లాంటి కాలమొచ్చిందో."

"ఏ గొట్టం అట్లుంది?"

"అన్నీ. నడిమిది ముప్పై ఒకటి. సోమారం నుంచి ముప్పై ఒకటే."

వేడి అనేది అలా ఉండదు. తెల్లారి ఒక రకంగా, మధ్యాహ్నం ఒక రకంగా ఉంటుంది. ఏమీ జరగకపోయినా అర డిగ్రీ అటూ ఇటూ ఊగుతుంది. ఎనిమిది గొట్టాలు మూడు రోజులు కదలకుండా ఉన్నాయంటే అక్కడ కొలిచేవాళ్లు ఎవరూ లేరని అర్థం. నా ముందు జిరాక్సు కోసం ఎవరో ఆధార్ కార్డు చాపి నిలబడి ఉన్నారు. ఆ చేయి ఎంతసేపు అలా గాలిలో ఉందో నాకు తెలియదు.

"అక్కా, పోయిన అమావాస్యకు కంప్యూటరు ఆపినారా?"

"పూజ యాడిది? పెద్దామె పోయింది కదా. ఏడాది దాకా గుమ్మడికాయ లేదంట."

"షెడ్డులో వాసన ఏమన్నా వస్తాందా?"

అక్క ముక్కుతో గాలి పీల్చి చూడటం వినపడింది. "సెనక్కాయలు ఉడకేసినట్ల వస్తాది, పొద్దున్నుంచీ. ఈ ఆడోళ్లు ఎవురో సద్దిలో తెచ్చుకున్నారేమో అనుకున్నా."

ఇక్కడ నేను చెప్పాల్సిన మాట ఒక్కటే: బయటికి రండి. అది నేను చెప్పలేదు. "ఉండక్కా, గుమాస్తాతో మాట్లాడతా" అని పెట్టేశాను. ఎందుకు చెప్పలేదో చాలాసార్లు ఆలోచించాను. బయటికి రండి అంటే ఎందుకని అడుగుతుంది. అడిగితే చెప్పాలి. కంప్యూటరును ఒకసారి ఆపి మళ్లీ పెడితే చాలు, అంకెలు మామూలుగా కదులుతాయి, ఎవరికీ ఏమీ తెలియనక్కరలేదు అని నాలో ఏదో అనుకుంది.

గుమాస్తా ఫోన్ ఎత్తాడు.

"అన్నా, ఆ కంప్యూటరు ఒకసారి ఆపి మళ్లీ పెట్టండి."

"ఎందుకమ్మా? బాగనే ఉండాది కదా."

"ఊరికే. అప్పుడప్పుడు ఆపల్ల."

"ఇన్ని దినాలు ఆపమనలేదే" అన్నాడు గానీ లేచాడు. అది ఆగడం, మళ్లీ లేవడం, నేను ఫోన్లోనే విన్నాను. పాత మిషను, చాలాసేపు పట్టింది. తర్వాత బజరు మోగింది. అది మోగగా వినడం నాకు అదే మొదటిసారి.

"ఏమమ్మా ఇది? నలభై నాలుగంట. యాభై రెండు. నడిమిది డెబ్బై ఎనిమిది సూపిస్తాంది. బాగుండేదాన్ని ఆపించి సెడగొట్టినావు కదమ్మా. ఉండు, ఈ బజరు వైరు పీకనీ, సెవులు పగుల్తాండాయి."

బజరు ఆగింది.

నేను అన్ని నెలలుగా నేర్పిన పాఠం అది. మూడు రోజులు కదలకుండా ఉన్న అంకెను ఆయన నమ్మాడు. ఇప్పుడు పడిన నిజమైన అంకెను చెడిపోయిందనుకున్నాడు. ఆయన తప్పు ఏముంది?

"అన్నా, ఇదే నిజం" అన్నాను. "ముందరిది అబద్ధం. సోమారం నుంచి అది ఏమీ కొలవలేదు. మెమరీ అయిపోతే గమ్మున ఉండేటట్ల నేనే రాసినా. ఆడోళ్లను బయటికి పిలవండి."

"నువ్వే రాసినావా?"

"నేనే."

"తెలిసేనా?"

"తెలిసే."

కుర్చీ వెనక్కి పడిన చప్పుడు వినపడింది. ఫోన్ కట్ కాలేదు. ఆయన పరుగెత్తుతూ అరవడం కొంతసేపు వినపడి, దూరమై, తర్వాత మిల్లు హోరు మాత్రమే మిగిలింది.

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బస్సు గంట ప్రయాణం. అక్కకు ఫోన్ చేస్తే మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేస్తే మోగలేదు. నా పక్క సీటులో ఒకామె ఆదోనిలో ఎవరి పెళ్లికో గాజులు కొనడానికి పోతూ, ఏ రంగు బాగుంటుందని నన్ను అడిగింది. పచ్చవి అన్నాను. ఆదోని కొండలు కనపడ్డ దగ్గర నుంచి నేను వాటి పక్కన ఇంకేదైనా కనపడుతుందేమోనని చూస్తూనే ఉన్నాను. ఊరి దగ్గర పడ్డాక కనపడింది. నల్లటి పొగ కాదు. పసుపు కలిసిన తెల్లటి పొగ, పైకి లేవకుండా పొలాల మీద పాకుతోంది.

మిల్లు ఎదురుగా రోడ్డు పక్కన ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. ఎనిమిదిమందిని లెక్కపెట్టాను. రెండోసారి లెక్కపెట్టినా ఎనిమిదే.

తొమ్మిదో మనిషి నీళ్ల కుళాయి దగ్గర ఉంది. అక్క. కుడి చెయ్యి ధార కింద పెట్టుకుని ఉంది. అరచేతిలో చర్మం లేదు.

నేను ఫోన్ పెట్టేశాక అక్క గుమాస్తా కోసం ఆగలేదట. తలుపులోంచి సలాకు ఊడలాగి కుప్ప ఎక్కింది. దింపింది. ఆకూవక్కా నమిలేంత సేపు ఆగాల్సిన పని లేకపోయింది. పైకి లాగేటప్పుడు చేయి జారి మొనను పట్టుకుంది. అక్కడి నుంచే కింద వాళ్లను పొమ్మని అరిచింది. గుమాస్తా పరుగెత్తి వచ్చేసరికి అందరూ బయట ఉన్నారు. నేను 'ఊరికే, అప్పుడప్పుడు ఆపల్ల' అంటున్న ఆ కొన్ని నిమిషాలూ మా అక్క ఆ కుప్ప నెత్తిన నిలబడి ఉంది.

ఫైరింజను వాళ్లు నీళ్లు కొడుతూ కుప్పను పక్క నుంచి తొలిచారు. ఒకచోట పైపొర కూలి, లోపల ఇద్దరు మనుషులు పట్టేంత గుల్ల బయటపడింది. దాని గోడలు ఎర్రగా ఉన్నాయి. గాలి తగలగానే మంట లేచింది. "దీని మీద ఎవురన్నా ఎక్కినారా?" అని ఒకతను అడిగాడు. అక్క నా వైపు చూసింది. 

రేకులు వంగిపోయాయి, కుప్పలో సగం బూడిదయింది. మనుషులకు ఏమీ కాలేదని అందరూ దేవుడికి దండం పెట్టుకున్నారు.

అక్క చెయ్యి మానడానికి చాలా రోజులు పట్టింది. ఈలోగా సావుకారు నన్ను పిలిపించాడు. తిడతాడనుకున్నాను. గుండు మీద ఇంకా పూర్తిగా వెంట్రుకలు రాలేదు ఆయనకు. నెమ్మదిగానే మాట్లాడాడు.

"మళ్లీ రాయి. ఈసారి ఆగకుండా రాయి."

"ఆగుతాది సావుకారూ. ఆగకుండా ఏదీ ఉండదు. ఆగితే సెప్పేటట్ల రాస్తా."

ఆయనకు అది నచ్చలేదు గానీ ఒప్పుకున్నాడు. ఈసారి ఎత్తడం నేర్చుకున్నాను. ఒక రోజుకు మించిన అంకెలు డిస్కు మీదికి పోతాయి, మెమరీలో మిగలవు. అయినా ఎప్పుడైనా నిండితే అది చెప్పి, సైరను మోగించి, ఆగిపోతుంది. ఇది అక్కకు వివరిస్తున్నాను, ఆమె కట్టు ఉన్న చేతిని ఒళ్లో పెట్టుకుని వింటోంది.

"నిండిపోతే అరుస్తాదంటావు."

"అరుస్తాది."

"అరిసేదానికి జాగా మిగిలుంటాదా?"

 అరవడం కూడా ప్రోగ్రాముకు ఒక పనే. ఆ పనికీ కాస్త మెమరీ కావాలి. అంతా నిండిపోయాక ఆ కాస్త ఎక్కడి నుంచి వస్తుంది? ఈ మాట పుస్తకంలో కూడా ఉంది, కొంత ముందుగానే పక్కన పెట్టుకోవాలని. ఆకుపచ్చ సిరాతో రాసుకున్న పేజీలోనే ఉంది. రాసుకున్నాను గానీ ఆ ప్రశ్న నాకు నేను వేసుకోలేదు.

ప్రోగ్రాం మొదలవుతూనే కొంత జాగా ఊరికే పట్టి ఉంచుకుని, మెమరీ నిండినప్పుడు ముందు దాన్ని వదిలి, ఆ ఖాళీలో నిలబడి అరిచేలా రాశాను. దాన్నీ నమ్మలేకపోయాను. షెడ్డు బయట గోడకు ఒక చిన్న విడి పెట్టె బిగించాం. కంప్యూటరు దానికి నిమిషానికోసారి తాను బతికే ఉన్నానని చెబుతుంది. చెప్పడం ఆగితే పెట్టె తనంతట తానే సైరను మోగిస్తుంది. చెప్పేవాడు చచ్చిపోయినా వినేవాడు బతికి ఉంటాడు.

పరీక్ష చెయ్యాలన్నాను. మెమరీని కావాలనే నింపి చంపి చూడాలి. పొద్దున పదకొండుకు పెట్టుకున్నాం. కొత్త కుప్ప అప్పటికి మోకాలెత్తు కూడా లేదు. షెడ్డు ఖాళీ చేయించి చేద్దామంటే అక్క ఒప్పుకోలేదు.

"ఖాళీ షెడ్డులో మోగితే ఏం తెలుస్తాది? మేము లోపలే ఉంటాం. వాళ్లకు ముందే సెప్పొద్దు."

నేను ఆఫీసులో కూర్చుని, అరవడానికి పట్టి ఉంచిన జాగాతో సహా మెమరీ అంతా నింపే ప్రోగ్రాం ముక్క నడిపించాను. అద్దంలోంచి షట్టరు కనపడుతుంది. లోపల ఆడవాళ్లు వంగి సంచులు కుడుతున్నారు. మధ్యలో అక్క ఎడమ చేత్తో సూది పట్టుకుని ఉంది. మెమరీ నిండుతోంది. గుమాస్తా నా వెనక నిలబడి గట్టిగా ఊపిరి తీస్తున్నాడు. అంకెలు ఒక్కసారి ఊగి ఆగాయి. ఒక నిమిషం. గోడ గడియారంలో ముల్లు ఒక చుట్టు పూర్తి చేసి రెండోది మొదలుపెట్టింది.  అప్పుడు గోడ మీది పెట్టెలోంచి సైరను మోగింది. మిల్లంతా వినపడేంత గట్టిగా మోగింది.

లోపల ఎవరూ పరుగెత్తలేదు.

ఒకామె సూది సంచికి గుచ్చి ఒళ్లు విరుచుకుంది. ఇంకొకామె, "ఈ దినం బెల్లు తొందరగా కొట్టినారే" అంటూ గోడ వారగా పెట్టిన సద్ది డబ్బా అందుకుంది. మిగతావాళ్లూ లేచి, చేతులు కడుక్కోవడానికైనా బయటికి రాకుండా, కుప్ప పక్కనే జాగా చూసుకుని గుండ్రంగా కూర్చుని, డబ్బాల మూతలు తీశారు. అన్నం బెల్లుకూ దీనికీ గుమాస్తా ఒకే అంగడిలో ఒకే రకం సైరను కొన్నాడు. నేనూ అది చూశాను. చూసి, బాగుందనుకున్నాను.

అక్క ఒక్కతే షట్టరు దాటి బయటికి వచ్చి, ఎండలో నిలబడి, ఆఫీసు అద్దం వైపు చూసింది. సైరను మోగుతూనే ఉంది. లోపల ఎవరో ఊరగాయ పంచుతున్నారు.

ఆమె కిటికీ దగ్గరికి వచ్చింది. "సూసినావా" అంది. "అందరమూ సచ్చిపోయినాం. అన్నం తింటా తింటా."

గుమాస్తా సైరను ఆపడానికి చెయ్యి చాపాడు. ఆగమన్నాను. ఎంతసేపటికి ఎవరికైనా అనుమానం వస్తుందో చూద్దామన్నాను. ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. ఎవరికీ రాలేదు. డబ్బాలు ఖాళీ అయ్యాయి. ఒకామె అక్కడే కొంగు పరుచుకుని పడుకుంది.

ఆ మధ్యాహ్నం గుమాస్తా బజారుకు పోయి వేరే రకం సైరను తెచ్చాడు, అంబులెన్సు మాదిరి ఎగిరిపడుతూ మోగేది. అక్క మిగతా ఎనిమిదిమందినీ నిలబెట్టి, ఇది మోగితే డబ్బా కాదు, సూది కాదు, ఏదీ ముట్టుకోకుండా రోడ్డు దాటి పోవాలని మూడుసార్లు చెప్పించింది. వాళ్లు నవ్వుతూనే చెప్పారు. సంచులు పట్టుకుని మళ్లీ లోపలికి వెళ్లారు. అక్క కూడా వెళ్లింది.

నేను కుర్చీ ముందుకు లాక్కుని, మెమరీ నింపడం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను.